తాత ఒమేగా వాచీ చేతికొస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యొద్దు

బీరువాలో చీరల కింద, లేకపోతే ఇంటి కాగితాలు పెట్టే పాత బిస్కెట్ల డబ్బాలో ఒక వాచీ దొరుకుతది. డయల్ మీద ఒమేగా అని ఉంటది, ముళ్లు ఎప్పుడో ఏదో టైం దగ్గర ఆగిపోయి ఉంటయి, పట్టా ఎండిపోయి ముట్టుకుంటే విరిగేట్టు ఉంటది. ఇంట్లో అందరూ ఒకటే మాట అంటరు, చావీ ఇచ్చి చూడు నడుస్తదేమో అని. దయచేసి ఆ రోజు ఇవ్వకండి. లోపల చక్రాల ఇరుసుల కొసలు వెంట్రుకంత సన్నగ ఉంటయి, అవి చిన్న చిన్న రూబీ రాళ్లలో తిరుగుతయి, ఆ రెంటి మధ్య కంటికి ఆనీ ఆననంత నూనె ఉంటది. ఇరవై ముప్పై ఏండ్లు మూలకు పడ్డ కుట్టుమిషన్ నూనె ఎట్ల ఎండి జిగురైతదో ఇది కూడా అంతే, అప్పుడు నడిపిస్తే ఇనుము రాయి మీద ఒట్టిగ అరుగుతది. నడుస్తుంది గదా అని సంబరపడి నెల రోజులు పెట్టుకు తిరిగితే అరవై ఏండ్లలో అరగనిది ఆ నెలలో అరుగుతది.

నేనిది ఒమేగా గురించి రాస్తున్న, ఎందుకంటే మా ఇంట్ల ఉన్నది అదే, పదిహేనేండ్ల నుంచి దాని వెనకాల పడి నేర్చుకున్నది కూడా అదే. మీ దగ్గర ఉన్నది టిస్సో అయినా లాంజీన్ అయినా ఫేవర్ లూబా అయినా ఇందులో ముప్పాతిక మాటలు దానికీ వర్తిస్తయి.

మా తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నన్ను చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంకి తీస్కపోయి ఆ పెద్ద గడియారం ముందు కూర్చోబెట్టేటోడు, గంట కొట్టే టైంకి లోపల్నుంచి గడ్డపు బొమ్మ బయటికొస్తది గదా, జనం అంతా దాన్ని చూస్తుంటే మా తాత మాత్రం మోచెయ్యి పైకెత్తి తన వాచీ చూస్కునేటోడు, బొమ్మ కరెక్టుగ వచ్చిందా లేదా అని. ఆయన లెక్కలో తప్పు ఉంటే అది బొమ్మదే.

సరే, వాచీ చేతిలో ఉంది. ముందు ఒక తెల్ల బట్ట పరిచి దాని మీద పెట్టి, కిటికీ పక్క వెలుతురులో ఫోన్‌తో ఫొటోలు తియ్యండి, ముందు, వెనక, రెండు పక్కలు, పక్కన చావీ తిప్పే కీ దగ్గర్నుంచి. ఎందుకంటే రేపు ఎవరికన్నా రిపేర్‌కి ఇచ్చినప్పుడు ఏం ఇచ్చినం ఏం తిరిగొచ్చింది అని చెప్పడానికి మీ దగ్గర ఆ ఫొటోలు తప్ప ఇంకేం ఉండదు. తర్వాత రెండు మూడొందల్లో దొరికే భూతద్దం ఒకటి కొనుక్కోండి, పదింతలు పెద్దగ చూపించేది చాలు.

ఆ భూతద్దంతో మొట్టమొదట అద్దం నడిమధ్యలో చూడండి. డయల్ కాదు, అద్దం. పాత ఒమేగాలకి గాజు కాదు, ఒక రకం ప్లాస్టిక్ అద్దం ఉంటది, దాని సరిగ్గా మధ్యలో, ముళ్లు కలిసే చోటుకి పైన, లోపలి వైపు ఆవగింజలో పావు వంతు సైజులో ఒమేగా గుర్తు చెక్కి ఉంటది. మామూలుగ చూస్తే కనపడదు, వాచీని కొంచెం కొంచెం వంచుతూ వెలుతురు పక్కనుంచి పడేట్టు పట్టుకుంటే ఒక్క క్షణం మెరిసి పోతది. నేను మొదటిసారి చూసినప్పుడు మా అమ్మని, చెల్లెని, పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి చూపించిన. అది ఉంటే కంపెనీ అద్దం అని అర్థం. లేకుంటే అద్దం ఎప్పుడో మార్చిండ్రు, దానికేం దిగులు పడక్కర్లేదు, అద్దాలు మారుస్తనే ఉంటరు. కానీ ఉంటే మాత్రం, గీతలు పడ్డయని దాన్ని పడెయ్యనియ్యకండి. ప్లాస్టిక్ కాబట్టి గీతలు అరగదీస్తే పోతయి, రంగులు లేని మామూలు తెల్ల టూత్‌పేస్టు మెత్తటి బట్ట మీద చుక్క వేసి పది నిమిషాలు ఓపికగ రుద్దితే సగం గీతలు పోతయి. పగులు ఉంటే మాత్రం రుద్దొద్దు, పగుల్లోంచి పేస్టు లోపటికి పోతది.

ఇప్పుడు డయల్. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుత, ఎందుకంటే మేము పోగొట్టుకున్నది దీన్నే.

మా తాత పోయినంక వాచీ మా నాన్న దగ్గరికి వచ్చింది. డయల్ అప్పటికి పాత పాల మీగడ రంగుకి వచ్చేసింది, అంచుల దగ్గర టీ మరక లాంటి గోధుమ రంగు చుక్కలు. నాన్న దాన్ని ఊళ్లో ఒక షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చిండు, వాళ్లు అడగకుండనే డయల్ కొత్తగ చేసి ఇచ్చిండ్రు. తెల్లగ తళతళ మెరుస్తూ వచ్చింది, నాన్న సంతోషపడ్డడు, నేనూ అప్పుడు బాగుందనే అన్న. తర్వాత ఎన్నో ఏండ్లకి భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది ఏం పోయిందో. అసలు డయల్ మీద ఉన్న అచ్చు గీకేసి, రంగు కొట్టి, మళ్లీ అక్షరాలు వేసిండ్రు. ఒమేగా అన్న పేరు లావుగ, అంచులు చెదిరి ఉంది. నిమిషాల గీతలు గంటల గుర్తులకి ఎదురుగ రాకుండ కొంచెం పక్కకి జరిగి ఉన్నయి. కింద ఆరు దగ్గర స్విస్ మేడ్ అని సన్నగ ఉండాల్సిన లైనే లేదు. మా తాత చెయ్యి మీద ఏండ్లకేండ్లు ఎండకి పండిన రంగు అది, దాన్ని మళ్లీ ఎవరు తెచ్చిస్తరు.

కాబట్టి మీ డయల్ మచ్చలు పడి ఉంటే అట్లనే ఉండనియ్యండి. రంగు మారడం రోగం కాదు. కొనేటోళ్లు, దాచుకునేటోళ్లు అందరూ మచ్చల డయల్‌కి ఇచ్చే ధర రంగు కొట్టిన డయల్‌కి ఇవ్వరు, కానీ నేను చెప్పేది ధర గురించి కాదు, మీ మనిషి చూసిన డయల్ అది. మీ డయల్ ఇప్పటికే రంగు కొట్టిందా కాదా అని తెల్సుకోవాలంటే నేను పైన చెప్పిన మూడూ చూడండి, అక్షరాల అంచులు, గీతలు వరసలో ఉన్నయా, ఆరు దగ్గర లైన్ మధ్యలో ఉందా. ఆరుకి అటూ ఇటూ చిన్న టి అక్షరాలు ఉంటే అది 1960ల నుంచి వాడిన ట్రిటియం వెలుగు రంగు. అంతకు ముందువి చాలా వాటిల్లో రేడియం ఉండేది, చీకట్లో ఇప్పుడు వెలగదు కానీ రేడియం సగం అవ్వడానికే 1600 ఏండ్లు పడతది, ఆగిపోయింది వెలిగే పొడి మాత్రమే, రేడియం అక్కడే ఉంది. అందుకని ముళ్ల మీది పాత వెలుగు రంగుని గోరుతో గీకడం, ఊదడం అస్సలు చెయ్యొద్దు, వాచీ మూసి ఉన్నంత సేపు చేతికి పెట్టుకుంటే భయం లేదు, ఆ పొడి ముక్కులోకి పోతే ప్రమాదం.

ఇక మూత తెరిపించాలి. ఇంట్లో కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నం చెయ్యకండి, జారితే వెనక మూత మీద గీత, ఇంకా జారితే లోపల వాచీని నడిపించే చక్రాల మిషన్ మీద గీత. హైదరాబాద్‌లో అయితే సుల్తాన్ బజార్, అబిడ్స్, సికింద్రాబాద్ క్లాక్ టవర్ చుట్టుపక్కల ఇంకా చేత్తో పని చేసే పాతకాలం మిస్త్రీలు ఉన్నరు, చిన్న గాజు డబ్బా లాంటి కౌంటర్ వెనక కంటికి భూతద్దం పెట్టుకొని కూర్చుంటరు. ఎవరు మంచోళ్లో ఎట్ల తెలుస్తది అంటే, నేను ఒకటే చూస్త. మూత తీసే ముందు మూత చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో తుడిచిండా లేదా. తుడవకుండ తీస్తే ఆ మట్టి మొత్తం మిషన్‌లో పడతది. నేను వెళ్లే చాచా అయితే ముందు వాచీని చెవి దగ్గర పెట్టుకుని వింటడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటడు, లోపట తుప్పు వాసన ఉంటే తెలుస్తదంట.

మూత తీసినప్పుడు కళ్లు ఆర్పకండి. 1940ల నుంచి 60ల దాకా ఒమేగా మిషన్లకి రాగి రంగు పూత ఉంటది, లేత గులాబీ కలిసిన రాగి, ఇంకా చెప్పాలంటే కొత్త రాగి చెంబు తోమినంక తడి ఆరిన రంగు. దాని మీద ఒమేగా వాచ్ కంపెనీ అని, స్విస్ అని, 17 జువెల్స్ లాగ రూబీ రాళ్ల లెక్క చెక్కి ఉంటది, ఒక చిన్న గుర్తు పక్కన చాలా వాటిల్లో మూడంకెల నంబర్, అది మిషన్ రకం. ఇంకో చోట ఏడు లేక ఎనిమిది అంకెల నంబర్, అది మీ వాచీ ఒక్కదానిదే, సీరియల్ నంబర్. రెండూ ఫొటో తియ్యండి. మూత లోపలి వైపు కూడా తియ్యండి, అక్కడ కంపెనీ పేరు, మోడల్ నంబర్ ఉంటయి. 1960ల మొదట్లో దాకా ఆ మోడల్ నంబర్ నాలుగు లేక అయిదంకెలుగ ఉండేది, ఆ తర్వాత 165.002 లాగ మధ్యలో చుక్క పెట్టి వస్తది.

సీరియల్ నంబర్ బట్టి సంవత్సరం సుమారుగ చెప్పొచ్చు. కోటి దగ్గర ఉంటే 1944 ప్రాంతం, కోటీ ఇరవై లక్షలు అయితే 1950, కోటిన్నర 1956, రెండు కోట్లు 1963, రెండుకోట్ల యాభై లక్షలు 1967. ఏడాది అటూ ఇటూ.

మా ఇంట్ల అందరూ చెప్పేది ఏందంటే తాత పెండ్లికి మామగారు పెట్టిన వాచీ ఇది, సైకిలు వాచీ రేడియో అంటరు గదా అట్ల, 1954లో. మా వాచీ నంబర్ చూస్తే కోటీ డెబ్భై లక్షల పైచిలుకు. అంటే 1959, 60. పెండ్లి నాటికి ఈ వాచీ పుట్టనే లేదు. ఇంటికొచ్చి చెప్తే ఎవరూ నమ్మలేదు, చివరికి మా పెద్ద మేనత్తకి ఫోన్ చేస్తే ఆమె కాసేపు ఆగి అన్నది, అరే అది కాదురా, పెండ్లి వాచీ ఫేవర్ లూబా, అది అమ్మేసిండు బాపు, నువ్వు చెప్పేది మీ నాన్న పుట్టినంక కొన్నది, రైల్వేల ఓవర్‌టైం పైసలన్నీ జమ చేసి కొన్నడు, అమ్మ నెల రోజులు మాట్లాడలేదు అని. మా నాన్న పుట్టింది 1960లో. నంబర్ చదవకపోతే ఈ సంగతి మేనత్తతోనే పోయేది. అందుకే చెప్తున్న, నంబర్ తీస్కొని ఇంట్లో పెద్దోళ్లని కూర్చోబెట్టి అడగండి, వాళ్లు ఉన్నప్పుడే.

ఇప్పుడు ఆ రాగి రంగు మిషన్ ఎక్కడ్నుంచి వచ్చిందో కొంచెం తెల్సుకుంటే రిపేర్ చేయించేటప్పుడు కూడా పనికొస్తది. 1848లో లూయి బ్రాంట్ అనే 23 ఏండ్ల కుర్రాడు స్విట్జర్లాండ్‌లో లా షో ద ఫోన్ అనే ఊళ్లో ఈ పని మొదలుపెట్టిండు. అప్పట్లో చుట్టుపక్కల పనోళ్లు తలా ఒక పార్ట్ చేసి తెచ్చిస్తే ఈయన వాటిని కలిపి జేబు వాచీలు చేసి అమ్మేటోడు. ఆ పద్ధతిలో ఏ రెండు వాచీలూ ఒకలాగ ఉండవు, ఒక చక్రం పాడైతే దానికి సరిపోయేది మళ్లీ చేత్తో ఆకురాయి పెట్టి చెయ్యాల్సిందే. కొడుకులు లూయీ పోల్, సెజార్ 1880లో బీల్ అనే ఊరికి మారి యంత్రాలు పెట్టి పార్టులన్నీ తమ దగ్గరే చెయ్యడం మొదలుపెట్టిండ్రు. 1894లో వచ్చిన వాచీ మిషన్‌కే ఒమేగా అని పేరు పెట్టిండ్రు, ఆ గ్రీకు అక్షరం చివరిది గదా, ఇంక దీనికి మించింది లేదు అని చెప్పడానికన్నమాట. దాంట్ల పెద్ద సంగతి ఏందంటే ఏ పార్ట్ తీసి ఏ వాచీలో పెట్టినా అరగదియ్యకుండ సరిపోతది. చావీ ఇవ్వడం, టైం మార్చడం రెండూ ఒకే కీతో. ఆ పేరు ఎంత పాకిందంటే 1903లో కంపెనీ పేరులోనే ఒమేగా చేర్చేసిండ్రు. పాపం ఆ ఇద్దరు అన్నదమ్ములూ అదే ఏడు పోయిండ్రు.

ఆ 1894 నాటి ఆలోచన వల్లనే ఇయ్యాల సుల్తాన్ బజార్‌లో మన చాచా డబ్బాలోంచి ఇంకో చచ్చిన ఒమేగా తీసి, దాని చక్రం మీ దానికి పెట్టగలుగుతున్నడు. అందుకని ఎవరన్నా దీనికి పార్టులు దొరకవు, పాతది, లోపట బ్యాటరీ మిషన్ పెట్టేద్దాం అంటే వాచీ తీస్కొని వచ్చెయ్యండి. మా తాత వాచీలో ఉన్నది 267 అనే రకం, 30 మిల్లీమీటర్ల మిషన్ల కుటుంబంలోది. ఆ కుటుంబం 1939 నుంచి 1963 దాకా వచ్చింది, మొత్తం 30 లక్షల దాకా చేసిండ్రు, యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి పోయిన వాచీల్లో కూడా అదే. లోపట అటూ ఇటూ ఊగుతూ టైం లెక్క కట్టే బ్యాలెన్స్ చక్రం పెద్దది, పెద్ద చక్రం నిదానంగ ఊగితే చెయ్యి కుదుపులకి తొందరగ చెదరదు, సెకనుకి అయిదు టిక్కులు. చాచా మాటలో చెప్పాలంటే, బేటా ఇది ఎద్దుబండి, అడుగు ఆగదు. ఆయన చేతిలో ఆ చక్రం మళ్లీ ఊగడం మొదలైనప్పుడు నేను ఊపిరి బిగబట్టి చూసిన, ముందు రెండు ఊపులు బద్ధకంగ ఊగి ఆగి, మళ్లీ ఊగి, తర్వాత ఇంక ఆగలేదు.

సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు ఏం అడగాలి. ఆయిలింగ్ అని ఒక మాట అంటరు, మూత తీసి నాలుగు చుక్కల నూనె వేసి మూసేస్తరు, అది వద్దు, పాత జిగురు మీద కొత్త నూనె వేసినట్టు. పూర్తిగ విప్పి, కడిగి, నూనె పెట్టి బిగించమని అడగండి. రెండోది, డయల్ ముట్టుకోవద్దు, కేస్ పాలిష్ వద్దు అని నోటితో చెప్పడమే కాదు, చీటీ మీద రాయించండి. పాలిష్ ఎందుకొద్దంటే పట్టా తగిలించే కొమ్ముల అంచులు కత్తిలాగ ఉండాలి, ప్రతి పాలిష్‌కి కొంచెం కరిగి చివరికి సబ్బు ముక్క లాగ అయితది. మూడోది, ఏ పార్ట్ మార్చినా పాతది కవర్లో పెట్టి ఇవ్వమని అడగండి. మంచి మిస్త్రీ దీనికి కోపం తెచ్చుకోడు. మా చాచా అయితే తనే చిన్న ప్లాస్టిక్ కవర్లో విరిగిన స్ప్రింగ్ చుట్ట పెట్టి ఇచ్చిండు. వారం పడతది అంటే సంతోషించండి, గంటలో ఇస్త అంటే అనుమానపడండి. విప్పి బిగించినంక కొన్ని రోజులు నడిపించి చూడాలి గదా.

వాచీ ఇంటికొచ్చింది. ఇక వేస్కోవడం.

చావీ పొద్దున్నే ఒక్కసారి ఇవ్వండి, రోజూ ఒకే టైంకి, చేతి నుంచి తీసి. చేతికి ఉండగనే ఇస్తే కీ పక్కకి వంగి లోపలి కడ్డీ మీద బరువు పడతది. మెల్లగ తిప్పుతుంటే ఒక చోట గట్టి పడతది, అక్కడ ఆపాలి, బలం పెట్టొద్దు. ఆటోమేటిక్ అయితే చేతి కదలికకే ఎక్కుతది. ఒమేగా మొదటి ఆటోమేటిక్‌లు 1940ల మొదట్లో వచ్చినయి, వాటిల్లో లోపలి బరువు గుండ్రంగ తిరగదు, అటూ ఇటూ కొట్టుకుంటది, చెయ్యి ఊపితే టక్ టక్ అని చిన్న దెబ్బ తెలుస్తది. అది చూసి వాచీ లోపల ఏదో ఊడిపోయిందని చాలామంది భయపడతరు, అది దాని స్వభావమే. 1950ల మధ్య నుంచి పూర్తిగ తిరిగే బరువు వచ్చింది.

నీళ్లు. దీని గురించి హైదరాబాద్‌లో ఉన్నోళ్లకి గట్టిగ చెప్పాలి. సీమాస్టర్ అని డయల్ మీద ఉంటే, మూత మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంటే మనోళ్లు వానలో బండి మీద పోతరు. నిజమే, 1948లో కంపెనీకి నూరేండ్లు నిండినప్పుడు తెచ్చిన సీమాస్టర్‌కి సైన్యం వాచీల అనుభవంతో చేసిన రబ్బరు రింగు పెట్టిండ్రు, ఆ రోజుల్లో అది గొప్ప పని. కానీ ఆ రబ్బరుకి ఇప్పుడు మన తాతల వయసు. గట్టి పడి పొడి అయిపోయి ఉంటది. కొత్త రింగు వేయించినా సరే, జులై ఆగస్టు వానల్లో పాత వాచీ ఇంట్లోనే ఉండాలి. మే నెలలో చెమట ఇంకా ప్రమాదం, చెమట ఉప్పు కీ పక్క సందులోంచి పోతది, సాయంత్రం తీసినంక వెనక మూతని, కొమ్ముల లోపలి పక్కని పొడి బట్టతో తుడవండి. తోలు పట్టా కంటే ఎండాకాలంలో గుడ్డ పట్టా మేలు, ఉతికి ఆరేస్కోవచ్చు. కార్ డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

అద్దం లోపట ఆవిరి కనపడితే బియ్యం డబ్బాలో పెట్టడం, ఎండకి పెట్టడం కాదు, అదే రోజు మిస్త్రీ దగ్గరికి పోయి మూత తీయించండి, రెండు మూడు రోజులు ఆగితే తుప్పు మొదలైతది. తుప్పు ఒకసారి చక్రానికి ఎక్కితే దాన్ని ఎవరూ వెనక్కి తియ్యలేరు.

నడక ఎట్ల చూస్కోవాలి అంటే, పొద్దున తొమ్మిదికి ఫోన్ టైంకి కలిపి పెట్టి, వారం రోజులు రోజూ తొమ్మిదికే ఎన్ని సెకన్లు ముందుందో వెనక ఉందో ఒక కాగితం మీద రాయండి. రోజుకి పది పదిహేను సెకన్ల తేడా అయితే అరవై ఏండ్ల వాచీకి అది చాలా మంచి నడక. ముప్పై దాకా కూడా ఫరవాలేదు. ఒకరోజు పది ముందు, ఒకరోజు నలభై వెనక అట్ల మారుతుంటే లోపట ఏదో ఉంది. తేడా పెద్దది కాకుంటే ఇంకో ఉపాయం, రాత్రి పడుకునేటప్పుడు డయల్ పైకి పెట్టి చూడండి, ఇంకో రోజు కీ పైకి వచ్చేట్టు నిలబెట్టి చూడండి, ఒక్కో తీరుగ పెడితే ఒక్కో తీరుగ నడుస్తది, పగలు పోయింది రాత్రి దొరుకుతది. మా తాత రాత్రి పూట వాచీని చెక్క అల్మారా మీద గోడకి ఆనిచ్చి నిలబెట్టేటోడు, మేము అలవాటు అనుకున్నం, ఇప్పుడు నేను అదే చేస్తే రోజుకి నాలుగు సెకన్లు తేడా వస్తుంది అంతే.

ఉన్నట్టుండి రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకి ఉరుకుతుంటే అది అయస్కాంతం. స్పీకర్ పక్కన, ల్యాప్‌టాప్ మూత మీద, అయస్కాంతం బటన్ ఉన్న ఫోన్ కవర్ పక్కన పెట్టి ఉంటరు. లోపటి సన్న స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టి అయిపోతది, అందుకే ఉరుకుడు. పిల్లల జామెట్రీ కిట్టు పక్కన దొరికే చిన్న దిక్సూచి తెచ్చి వాచీ దగ్గరికి జరపండి, సూది కదిలితే అదే రోగం. మిస్త్రీ దగ్గర దీనికి చిన్న పెట్టె ఉంటది, నిమిషం పని, మూత కూడా తియ్యక్కర్లేదు.

కొత్తది కొనేటోళ్లకి ఇక్కడే ఒక మాట. జూబ్లీహిల్స్ వైపు షోరూంలలో కొత్త ఒమేగా మీద మాస్టర్ క్రోనోమీటర్ అని కనపడతది, 2015లో వచ్చిన ముద్ర అది, స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ పెట్టిన ఎనిమిది పరీక్షలు పాస్ అవ్వాలి, 15,000 గాస్ (అయస్కాంతం బలానికి కొలత) అయస్కాంతంలో కూడా ఆగకుండ నడవాలి, రోజుకి సున్నా నుంచి అయిదు సెకన్ల ముందు దాకానే, వెనక పడకూడదు. ఇంకో మాట కో యాక్సియల్. జార్జ్ డేనియల్స్ అని ఇంగ్లండ్ వాచీ మిస్త్రీ, ఒంటి చేత్తో వాచీ మొత్తం చేసే మనిషి, 1970లలో కనిపెట్టిండు. మామూలు వాచీలో చక్రం పన్ను రాయి మీద జారుతూ నెడతది, అక్కడ నూనె లేకుంటే ఆగిపోతది. ఈయన పద్ధతిలో జారుడు చాలా తక్కువ, చిన్న నెట్టుతో పని అయితది, అంటే నూనె ఎండినా నడక అంతగ చెడదు. స్విస్ కంపెనీల గుమ్మాలు ఏండ్లకేండ్లు తొక్కితే చివరికి ఒమేగా తీస్కొని 1999లో మార్కెట్‌లోకి తెచ్చింది. నేను పైన మొదట్లో చెప్పిన ఎండిన నూనె గోలకి ఆయన ఇచ్చిన జవాబు అది, నాకైతే చంద్రుడి కథ కంటే ఇదే పెద్ద సంగతి.

చంద్రుడి కథ వచ్చింది కాబట్టి, ఇక్కడ పాత వాచీలు అమ్మేటోళ్లు ఏ ఒమేగా చూపించినా ఇది చంద్రుడి మీదికి పోయిన వాచీ సాబ్ అంటరు. పోయింది స్పీడ్‌మాస్టర్ ఒక్కటే, 1957లో వచ్చిన స్టాప్‌వాచ్ ఉన్న మోడల్. నాసా వేడి, చలి, అదురు, ఒత్తిడి అన్నీ పెట్టి పరీక్షించి 1965 మార్చిలో ఒప్పుకుంది, 1969 జులైలో చంద్రుడి నేల మీద ఆల్డ్రిన్ చేతికి ఉన్నది అదే. ఆర్మ్‌స్ట్రాంగ్ తనది దిగిన వ్యోమనౌక లోపట వదిలిపోయిండు, అందులోని గడియారం పని చెయ్యట్లేదని దానికి బదులుగ. 1970లో అపోలో 13 చెడిపోయినప్పుడు 14 సెకన్ల పాటు ఇంజన్ మండించడానికి లెక్క చూసింది కూడా దాంతోనే. సీమాస్టర్, కాన్‌స్టెలేషన్ వాటికి వాటి గొప్ప వాటికి ఉంది, చంద్రుడి పేరు చెప్పి ఎక్కువ పైసలు అడిగితే ఇవ్వకండి.

అట్లనే ఆదివారం బజార్లలో, ఆన్‌లైన్‌లో ఎర్ర డయల్, నీలం డయల్, పచ్చ డయల్ సీమాస్టర్‌లు అగ్గువకి కనపడతయి. లోపటి మిషన్ నిజమైనదే అయ్యి ఉండొచ్చు, డయల్ మాత్రం మొన్న వేసింది, ముళ్లు ఒకదానివి, కేస్ ఇంకోదానిది. తెలిసి కొంటే సరే. మూత తీసి చూపించనంటే మాత్రం కొనొద్దు.

సర్వీసింగ్ అయినంక మూత మూసే ముందు చాచా నన్ను పిలిచి మూత లోపలి వైపు చూపించిండు. భూతద్దంతో చూస్తే సూదితో గీసినట్టు మూడు చోట్ల సన్న అంకెలు, పాతకాలం మిస్త్రీలు సర్వీసింగ్ చేసిన తారీఖు అట్ల గీసి పెట్టేటోళ్లంట. ఒకటి 7-68, ఒకటి 11-79, మూడోది సరిగ్గ చదవరాలేదు. 68లో, 79లో మా తాత ఈ వాచీని తీస్కపోయి ఏదో కౌంటర్ ముందు నిలబడ్డడన్నమాట. నేను గియ్యనా అని అడిగిండు చాచా. గీయకుండ సన్న మార్కర్‌తో రాయమన్న, 3-22 అని రాసిండు. అయిదేండ్లకోసారి తెమ్మన్నడు, అంటే మార్చి 2027, చీటీ పాత బిస్కెట్ల డబ్బాలోనే పెట్టిన.